చూపు ఆనే మేర

రాయలసీమలో చూపు సంగతి వచ్చినప్పుడు "కనపడదు" కన్నా ముందు నోటికొచ్చే మాట "ఆనదు". దూరం ఆనదు, మాపటేళ ఆనదు, పక్కచూపు ఆనదు. కన్ను చెయ్యిలాగా చాచుకుని పోయి వస్తువును తాకి వస్తుందన్నట్టుంటుంది ఆ మాట. కర్నూలులో ఒక కంటి డాక్టరమ్మ ఎర్ర తల గుండుసూది పట్టుకుని చేసే పరీక్షను పక్కన కూర్చుని చూసిన రోజు ఆ మాట ఎంత కచ్చితమైందో నాకు తెలిసింది. ఆమె కొలిచేది అదే. చూపు ఏ పక్కకు ఎంత దూరం ఆనుతోంది, ఏ గీత దగ్గర ఆనడం మానుకుంది.

మెదడులో కణితి అనగానే అందరికీ స్కానింగు, ఆపరేషను గుర్తొస్తాయి. కడుపుతో ఉన్న మనిషికి అలాంటి కణితి చూపు మీద ఒత్తిడి పెడుతున్నప్పుడు దాని జాడ మొదట తీసేది చాలాసార్లు ఈ సూదే. బట్టల కొట్టువాళ్లు చొక్కా మడతలో గుచ్చే సూది లాంటిదే. దాని వెనక ఉన్న నేర్పు మాత్రం వందేళ్లకు పైగా చేతులు మారుతూ, నునుపు దేరుతూ వచ్చింది. పాఠకుల్ని ఒకసారి దాని దగ్గర కూర్చోబెట్టాలని నాకు చాలాకాలంగా ఉంది.

ఒక మనిషిని ఊహించుకుందాం. ఎమ్మిగనూరులో మగ్గమున్న ఇంటి కోడలు, ఏడో నెల. రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంటుంది. కొన్ని వారాలుగా దారం తెగితే కొస చేతికి దొరకడం లేదు. గడప దాటేటప్పుడు భుజం తలుపుకు కొట్టుకుంటోంది. పక్కసందులోంచి వచ్చే సైకిలు మీద పడేదాకా తెలియడం లేదు. అత్తకు చెప్తే, "నీళ్లు పోసుకున్నప్పుడు కండ్లు మసకలు గమ్మేది మామూలేలే పాపా" అంటుంది. అత్త మాటలో తప్పేమీ లేదు. గర్భంలో ఒంట్లో నీరు చేరినట్టే నల్లగుడ్డు మీది పారదర్శకపు పొరలోనూ కాస్త చేరుతుంది, పొర కొద్దిగా మందమవుతుంది, అద్దాల పవరు అటూ ఇటూ అవుతుంది. కాన్పయ్యాక అదే సర్దుకుంటుంది. రక్తం తక్కువగా ఉంటే లేచి నిలబడేసరికి కండ్లు చీకట్లు కమ్ముతాయి. బీపీ ఎక్కితే మెరుపులు, మసక కలిసి వస్తాయి, దాన్ని ఆ పూటే చూపించుకోవాలి. ఇన్ని కారణాల గుంపులో కణితి ఎప్పుడో ఒకసారి వచ్చి నిలబడుతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చేదాన్ని గుంపులోంచి వేరుచేసి పట్టుకోవడమే ఇక్కడి పనితనం.

మామూలు కంటి పరీక్షలో ఈమె సులభంగా గట్టెక్కిపోతుంది. గోడ మీది అక్షరాల పట్టీ చివరి వరస దాకా తడుముకోకుండా చదువుతుంది. నడిమి చూపు చెక్కుచెదరలేదు కాబట్టి ఆ పట్టీకి తేడా దొరకదు. కంటిలోని కటకమూ తేటగానే ఉంటుంది. కర్నూలు జిల్లాలో పుట్టి హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో పేరు తెచ్చుకున్న డాక్టర్ పి. శివారెడ్డి లాంటివాళ్లు ఊరూరా శిబిరాలు పెట్టి లక్షల మందికి శుక్లాలు తీశారు. ఆ సేవ వల్ల మన ఊళ్లలో చూపు తగ్గిందంటే టార్చి వేసి పొర వచ్చిందేమో చూడటం అందరికీ అలవాటైంది. ఇక్కడ టార్చికి ఏమీ కనిపించదు. తప్పు కంటికి వెనక ఉంది.

ఎంత వెనక? ఒక్కో కంటి నుంచి బయల్దేరే నరంలో సుమారు 12 లక్షల పోగులుంటాయి. రెండు కళ్ల నరాలూ వెనక్కి పోయి, మెదడు అడుగున, ముక్కు మొదలుకు సూటిగా లోపల, ఒకచోట కలుసుకుంటాయి. ఆ కూడలిలో సగానికి కాస్త ఎక్కువ పోగులు, నూటికి 53 దాకా, అవతలి పక్కకు దాటిపోతాయి. మిగిలినవి ఏ పక్కవి ఆ పక్కనే సాగిపోతాయి. దాటేవన్నీ కంటిలోపల ముక్కువైపు భాగం నుంచి వచ్చిన పోగులు. కంటిలో బొమ్మ తిరగబడి పడుతుంది కాబట్టి ఆ ముక్కువైపు భాగం చూసేది కణతవైపు లోకాన్ని. ఇలా సగం పోగులు దాటుతాయన్న సంగతిని న్యూటన్ 1704లో అచ్చయిన తన 'ఆప్టిక్స్'లోనే ఊహించి రాశాడు. మగ్గం తెలిసినవాళ్లకు ఇది వివరించడం తేలిక. పడుగు పోగులు ఒకదాన్నొకటి దాటే చోట ఏదైనా ఒత్తితే, దాటే పోగులే నలుగుతాయి, పక్కన నేరుగా పోయేవి బాగానే ఉంటాయి. కూడలి నడుమ ఒత్తిడి పడితే నలిగేవి రెండు కళ్ల బయటిచూపు మోసే పోగులు. అంటే కుడికంటికి కుడిపక్క, ఎడమకంటికి ఎడమపక్క ఆనడం మానుతుంది. బండి లాగే గుర్రానికి కళ్ల పక్కల గంతలు కట్టినట్టవుతుంది మనిషికి.

దారం కొస దొరకకపోవడానికీ కారణం అదే. రెండు కళ్లూ దగ్గరి వస్తువు మీద కలిసి నిలిచినప్పుడు, ఆ వస్తువుకు అవతల ఉండే చోటు ఎడమకంటికి ఎడమపక్క పడుతుంది, కుడికంటికి కుడిపక్క పడుతుంది. ఆ రెండు పక్కలూ పోయాయి. కాబట్టి వేలి కొసను చూస్తే వేలు కనిపిస్తుంది, వేలికి అవతలున్న దారం కొస కనిపించదు. సూదిలో దారం ఎక్కడం లేదని, గోళ్లు తీసుకోవడం రావడం లేదని వచ్చే మనిషి మాటలో కూడలి దెబ్బ మొత్తం దాగి ఉంటుంది. వినే చెవి ఉన్న డాక్టరు అక్కడే ఆగుతుంది.

ఆ కూడలికి సరిగ్గా కింద, ఎముకలోని చిన్న గుంటలో, పీయూష గ్రంథి ఉంటుంది. గుంట ఆకారాన్ని చూసి పాతకాలపు వైద్యులు దానికి టర్కీ గుర్రపు జీను అని పేరు పెట్టారు. గ్రంథి శనగగింజంత, బరువు అరగ్రాము. గుంట కప్పుకూ పైనున్న నరాల కూడలికీ నడుమ సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉంటుంది. గర్భంలో బిడ్డకు పాలు సిద్ధం చేయడానికి ప్రొలాక్టిన్ అనే హార్మోను కావాలి. దాన్ని తయారుచేసే కణాలు పెరిగి, నెలలు నిండేసరికి గ్రంథి దాదాపు రెట్టింపవుతుంది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి అంత పెరిగినా ఆ సెంటీమీటరు ఖాళీ కాపాడుతుంది. అక్కడ ముందే ఒక కణితి ఉంటే కథ మారుతుంది. ప్రొలాక్టిన్ కణితి ఒక సెంటీమీటరు లోపుదైతే గర్భంలో ఇబ్బంది పెట్టేంత పెరగడం నూటికి ఇద్దరు ముగ్గురిలోనే. సెంటీమీటరు దాటినదై, ముందు ఆపరేషను చేసి ఉండకపోతే, సుమారు ఐదుగురిలో ఒకరికి ఇబ్బంది వస్తుంది. పెరిగే గ్రంథి, పెరిగే కణితి కలిసి కింది నుంచి కూడలిని పైకి నెడతాయి.

ఇక సూది దగ్గరికి వద్దాం.

డాక్టరమ్మ ఆ కోడలికి ఎదురుగా, చేయి చాస్తే అందేంత దూరంలో, మోకాళ్లకు మోకాళ్లు తగిలేట్టు కూర్చుంటుంది. ఇద్దరి కళ్లూ ఒకే ఎత్తులో ఉండేట్టు తన స్టూలును సరిచేసుకుంటుంది. ఏడో నెల మనిషిని ముందుకు వంగమనదు, తానే వంగుతుంది. వెలుతురు డాక్టరమ్మ వెనకనుంచి రాకూడదు, కిటికీ రోగి వెనక ఉండాలి. ఆమె ఎడమకన్ను మూయిస్తుంది, తన కుడికన్ను మూసుకుంటుంది. ఇప్పుడు తెరిచి ఉన్న రెండు కళ్లూ అద్దంలో బొమ్మలాగా ఎదురెదురు. "నా కంటిపాపలోకే చూడమ్మా. సూది కోసం ఎతకొద్దు. అదే నీ దగ్గరికి వస్తది" అంటుంది.

నన్ను అబ్బురపరిచింది ఇక్కడే. ఈ పరీక్షలో కొలబద్ద డాక్టరమ్మ సొంత కన్ను. సూది ఇద్దరికీ సరిగ్గా సగం దూరంలో కదులుతుంది కాబట్టి, తనకు కనిపించిన క్షణానే ఎదుటి మనిషికీ కనిపించాలి. తనకు కనిపించి ఎదుటి మనిషికి కనిపించకపోతే, ఆ నడిమి జాగా పోయినట్టు. కాబట్టి డాక్టరమ్మకు ముందు తన చూపు మేర తనకు కంఠతా రావాలి. బయటి పక్కకు 90 డిగ్రీలు దాటుతుంది, ముక్కు పక్కకు 60, పైకి 60, కిందికి 70 పైచిలుకు. నడిమి చూపు నుంచి 15 డిగ్రీలు బయటికి, ప్రతి ఆరోగ్యమైన కంటిలోనూ ఒక గుడ్డిమచ్చ ఉంటుంది. నరం కంటిలోంచి బయటికి పోయే చోటది, అక్కడ వెలుగును పట్టే కణాలుండవు. చేయి తిరిగిన డాక్టరు సూది తలను ఆ మచ్చలోకి నడిపి మాయం చేసి, మళ్లీ బయటికి తెచ్చి చూపగలదు. ఆ పని ఒకసారి చేసి చూపించిందంటే రోగి చూపు నిలకడగా ఉందనీ, తన చెయ్యి తిన్నగా ఉందనీ రెండూ రుజువైనట్టే. నేను కూడా ఆ కుర్చీలో కూర్చున్నాను. ఎర్ర చుక్క నా కళ్లముందే ఆరిపోయి, గోరంత జరగగానే మళ్లీ వెలిగింది. ఇన్నేళ్లుగా నా చూపులో ఒక బొరియ ఉందని నాకు తెలియనే తెలియదు.

చూపు మేర అంచులు తెలిసిన తర్వాత అసలు పరీక్ష మొదలవుతుంది. డాక్టరమ్మ సూదిని బయటి పక్క నుంచి నడిమి వైపు మెల్లగా తెస్తుంది. చాలామంది నేర్చుకునే రోజుల్లో ఇక్కడే తొందరపడతారు. సూది వేగం సెకనుకు రెండు మూడు డిగ్రీలకు మించకూడదు, ఎక్కడా ఆగకూడదు, చెయ్యి వణకకూడదు. మోచేయి పక్కటెముకలకు ఆనించి, మణికట్టుతో నడిపిస్తుంది. ఆమె అడిగే ప్రశ్న కూడా వేరు. "కనపడిందా" అని అడగదు. "ఎర్రగా ఎప్పుడు అగపడిందో చెప్పు" అంటుంది. నలుగుతున్న నరం మొదట పోగొట్టుకునేది రంగు నిండుతనాన్ని. ఆకారం కనిపిస్తూనే ఉంటుంది, ఎరుపు మాత్రం ఇటుకరంగుకో గోధుమరంగుకో వెలిసిపోతుంది. సూది అలా వెలిసిన రంగుతో వస్తూ వస్తూ, చూపు నిలిపిన చోట నిలువుగా గీసినట్టుండే ఒక గీతను దాటగానే చటుక్కున ఎర్రబడుతుంది. "ఇప్పుడు, ఇప్పుడు ఎర్రగా అయినాది మేడం" అంటుంది ఆ పాప.

ఆ నిలువు గీతే ఈ పరీక్షకు ప్రాణం. కంటి లోపలి తెర అయిన రెటీనాకు వచ్చే జబ్బులు గీతలు గౌరవించవు, మచ్చలు మచ్చలుగా పాకుతాయి. గ్లకోమా అనే కంటి జబ్బు అడ్డగీత దగ్గర మెట్టు కడుతుంది. పోగులు దాటే కూడలి దగ్గరో దానికి వెనకో దెబ్బ తగిలితేనే చూపు నిలువుగా, గోడ కట్టినట్టు తెగుతుంది. రెండు కళ్లలోనూ బయటి పక్కే తెగితే కూడలి. అందులోనూ పై మూలలు ముందు పోయాయా, కింది మూలలు ముందు పోయాయా అన్నది డాక్టరమ్మ చూస్తుంది. కూడలిలో పైచూపు మోసే పోగులు అడుగున దాటుతాయి. కాబట్టి కింది నుంచి ఎదిగే పీయూష గ్రంథి కణితి పై మూలల్ని ముందు తింటుంది. పైనుంచి దిగే కణితులైతే కింది మూలలతో మొదలుపెడతాయి. ఒక సూది, ఒక ఓపిక, ఒక పల్లెపిల్ల చెప్పే నాలుగు మాటలు. వీటితో పుర్రె లోపల మిల్లీమీటర్ల లెక్కలో కణితి ఏ దిక్కున ఉందో చెప్పగలగడం కన్నా గొప్ప చేతిపని నేను చూడలేదు.

ఈ నేర్పుకు వంశవృక్షం ఉంది. డెన్మార్కు కంటి వైద్యుడు యానిక్ బ్యెర్రుం 1889లో తన గది తలుపు వెనకవైపునే నల్లటి తెరగా చేసుకుని, పుల్ల చివర తెల్లటి బిళ్లలతో చూపు మేరను కొలిచాడు. రోగిని దూరంగా కూర్చోబెడితే చిన్న లోపం కూడా తెరమీద పెద్దదిగా పరుచుకుంటుందని ఆయన గ్రహించాడు. స్కాట్లాండు వైద్యుడు ట్రాక్వేర్ చూపును గుడ్డితనపు సముద్రంలో లేచిన ద్వీపంతో పోల్చాడు. సముద్రం లేని మనం ఎండిన చెరువు నడుమ గుట్టను తలుచుకోవచ్చు. శిఖరం నడిమి చూపు, వాలు పక్కచూపు, శిఖరం పక్కనే నిట్టనిలువు బావిలాంటి గుడ్డిమచ్చ. కణితి ఆ గుట్ట ఒక పక్కను రాతిగనిలో బండ కోసినట్టు నిలువుగా కోసేస్తుంది. బేతంచెర్ల గనుల పక్కన పెరిగినవాళ్లకు ఆ నిలువు కోత కంటికి కట్టినట్టుంటుంది. 1945లో స్విట్జర్లాండులో హాన్స్ గోల్డ్‌మన్ గుండ్రటి గిన్నెలాంటి యంత్రం చేసి వెలుతురును, చుక్క పరిమాణాన్ని స్థిరపరిచాడు. 1970ల నుంచి అదే గిన్నెకు కంప్యూటరు తోడైంది.

కంప్యూటరు వచ్చిందని చేతిపని తగ్గిందనుకోవద్దు, వేరే మనిషి చేతికి మారింది. గిన్నె యంత్రం ముందు కూర్చోబెట్టే టెక్నీషియన్లను ఎవరూ గుర్తుపెట్టుకోరు, నాకు మాత్రం వాళ్ల పని ఎంతో ముచ్చటేసింది. ఎక్కువగా వాడే పరీక్షలో 54 చోట్ల, ఒక్కోటి 6 డిగ్రీల ఎడంతో, వెలుగు చుక్కలు వస్తాయి. కనిపిస్తే బటన్ నొక్కాలి. ఒక్కో కంటికి ఐదారు నిమిషాలు. ఏడెనిమిది నెలల పొట్టతో గడ్డం ఆనించి ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ పొట్ట మోసినవాళ్లకు తెలుసు. మంచి టెక్నీషియన్ బల్లను పొట్టకు తగలనంత ఎత్తుకు లేపుతుంది, నడుముకు దిండు పెడుతుంది, మొదట ఒక నిమిషం ఉత్తుత్తి పరీక్ష పెట్టి అలవాటు చేస్తుంది, రెండు కళ్లకు నడుమ లేచి నడిచి రమ్మంటుంది. "సగం చుక్కలు నీకు కనపడవమ్మా, అందరికీ అంతే, మిషన్ అట్లనే చేసినారు" అని ముందే చెప్తుంది. ఆ ఒక్క మాట చెప్పకపోతే కనపడని చుక్కలకు భయపడి మనిషి ఊహతో బటన్ నొక్కుతుంది, కాగితం పనికిరాకుండా పోతుంది. యంత్రం మధ్యమధ్యలో గుడ్డిమచ్చలోనూ ఒక చుక్క వేస్తుంది. అక్కడ బటన్ నొక్కితే చూపు పక్కకు జరిగిందని లెక్క. అలాంటి తప్పులు పెరుగుతుంటే మంచి టెక్నీషియన్ పరీక్ష ఆపి, నీళ్లిచ్చి, మళ్లీ మొదలుపెడుతుంది. కాగితం మీద బూడిదరంగు నీడలు రెండు కళ్లకు రెండు బయటి పక్కల, నిలువు గీత దగ్గర తెగి నిలబడితే, దాని వెనక ఆ అమ్మాయి ఓపిక కూడా అచ్చయి ఉంటుంది.

సూదికీ యంత్రానికీ అందనిది ఒకటుంది. దాన్ని ప్రశ్నతోనే తీయాలి.

"మొదటి కాన్పప్పుడు గూడ ఇట్లనే ఉండెనా?"

"ఉండె మేడం. ఎనిమిదో నెల్లో మసక గమ్మిండె. బిడ్డ పుట్టినాక సరిపాయ. అందుకే ఎవరికీ చెప్పల్యా."

ఈ జవాబు వస్తే డాక్టరమ్మ ఆలోచన పీయూష గ్రంథి నుంచి కొంచెం ముందుకు జరుగుతుంది. మెదడు మీది పొరల నుంచి పుట్టే మెనింజియోమా అనే కణితి ఆడవాళ్లలోనే ఎక్కువ. వాటిలో చాలావాటికి ప్రొజెస్టిరాన్ హార్మోనును అందుకునే గ్రాహకాలు ఉంటాయి. గర్భంలో ఆ హార్మోను పోటెత్తుతుంది, ఒంట్లో నీరు, రక్తం పెరుగుతాయి, కణితి ఉబ్బుతుంది. కాన్పయ్యాక తగ్గి చూపు తేటపడుతుంది. మళ్లీ గర్భం వచ్చినప్పుడు మళ్లీ మసక. ఈ రాకపోకల్ని 1929లోనే మెదడు సర్జన్ హార్వీ కుషింగ్, ఆయనతో పనిచేసిన లూయీజ్ ఐసెన్‌హార్ట్ గమనించి రాశారు. కుషింగ్ పేరు అందరికీ తెలుసు. ఆయన తీసిన కణితులన్నిటినీ పొర పొరగా సూక్ష్మదర్శిని కింద చూసి, పట్టిక కట్టి, ఎవరికి ఎప్పుడు ఏమైందో ఏళ్ల తరబడి వెంబడించి రాసుకున్న ఐసెన్‌హార్ట్‌ని తలుచుకునేవాళ్లు తక్కువ. హార్మోను గ్రాహకాలంటే ఏమిటో ఎవరికీ తెలియని రోజుల్లో ఆమె, కుషింగ్ రోగుల మాటల్లోంచే ఆ సంబంధాన్ని పట్టుకున్నారు. మన కర్నూలు డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకు పుట్టుక అక్కడ ఉంది.

గర్భం వచ్చిందంటే వైద్యుల చేతిలోని పరికరాలు కొన్ని పక్కకు పెట్టాల్సి వస్తుంది, కాబట్టే ఈ పాత నేర్పుకు విలువ పెరుగుతుంది. మామూలు రోజుల్లో ప్రొలాక్టిన్ కణితి పెరిగిందా లేదా అన్నది రక్తపరీక్ష చెప్తుంది. గర్భిణికి ఆ హార్మోను సహజంగానే పది రెట్ల దాకా పెరుగుతుంది కాబట్టి ఆ అంకెకు అర్థం ఉండదు. ఎమ్మారై తీయొచ్చు, అందులో ఎక్స్‌రే కిరణాలుండవు. కణితిని వెలిగించి చూపే గాడోలినియం మందు మాత్రం మాయను దాటి బిడ్డను చేరుతుందని దాన్ని వాడరు. మందు లేని బొమ్మలో కూడలిని, కణితిని విడదీసి చదవడం రేడియాలజిస్టు కంటికి పరీక్ష. అత్యవసరమైతే తలకు సీటీ తీస్తారు, అప్పుడు గర్భానికి చేరే కిరణాలు చాలా స్వల్పం. కానీ వారం వారం స్కాన్ చేయలేరు. వారం వారం చేయగలిగింది సూది పరీక్షే. పెద్ద కణితి ఉన్న గర్భిణికి మూడు నెలలకోసారైనా చూపు మేర కొలవాలి, తేడా కనిపించాక ఇంకా తరచుగా. ఒక కాగితం పక్కన ఇంకో కాగితం పెట్టి, నిలువు గీత ఎంత జరిగిందో చూడటంలోనే మందు పనిచేస్తోందో లేదో తెలిసిపోతుంది.

కంటి అడుగును చూసే ఆఫ్తాల్మోస్కోపు పని కూడా ఇక్కడే చెప్పాలి. హెల్మ్‌హోల్ట్జ్ 1851లో లోకానికి చూపిన ఆ పరికరంతో డాక్టరమ్మ నరం మొన అంచుల్ని చూస్తుంది. అంచులు కరిగిపోయి ఉబ్బి ఉంటే పుర్రెలో ఒత్తిడి పెరిగిందని అర్థం. పాలిపోయి ఉంటే నరం నలగడం చాలాకాలం కిందే మొదలైందని. వెలుగుతో రెటీనా పొరల మందం కొలిచే ఓసీటీ యంత్రం ఇంకో సంగతి చెప్తుంది. నరాల కణాల పొర ఇంకా మందంగా ఉంటే, ఒత్తిడి తీశాక చూపు తిరిగొచ్చే ఆశ ఎక్కువ. సూదీ వద్దు, మందూ వద్దు, ఎక్స్‌రే కిరణమూ లేదు కాబట్టి గర్భిణికి ఆ పరీక్ష చక్కగా సరిపోతుంది.

ప్రొలాక్టిన్ కణితి అయితే మొదటి మందు బ్రోమోక్రిప్టిన్ మాత్ర. గర్భంలో దీన్ని వాడిన అనుభవం వైద్యులకు దశాబ్దాలుగా ఉంది. చాలామందిలో కణితి కుంచించుకుపోయి గీత వెనక్కి జరుగుతుంది. జరగకపోతే, లేదా కణితి వేరే రకమైతే, నెలలు నిండాయా లేదా అన్నది చూస్తారు. నిండితే ముందు కాన్పు. నిండకపోతే ఆపరేషను. అంత దూరం ఆగగలిగితే నాలుగో నెల నుంచి ఆరో నెల లోపు దానికి అనువైన కాలం.

ఇలాంటి ఆపరేషను కోసం దూరం పోవడం సీమవాళ్లకు కొత్త కాదు. 1956లో రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదు వెళ్లిన ఏడాదే కర్నూలుకు మెడికల్ కాలేజీ వచ్చింది. ఇప్పుడు పెద్దాసుపత్రిలో న్యూరోసర్జరీ విభాగం ఉంది, ఊళ్లోనే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. కడపకు రిమ్స్ ఆసుపత్రి 2006లో వచ్చింది. అంతకు ముందు కడపవాళ్లకు తలకు సంబంధించిన జబ్బంటే వేలూరే. డాక్టర్ జేకబ్ చాండీ 1949లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో మొదలుపెట్టిన న్యూరోసర్జరీ విభాగం దేశంలోనే మొదటిది. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి వచ్చాక దూరం కొంత తగ్గింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్నది, పేదింటి కోడలికి కూడా మెదడు ఆపరేషను తలుపు తెరిచింది.

ఆ తలుపు లోపల జరిగే పనిని కూడా కాస్త చూద్దాం. పుర్రె తెరవకుండా ముక్కులోంచి పోయి పీయూష గ్రంథిని చేరడం 1907లో ఆస్ట్రియాలో హెర్మన్ ష్లోఫర్ మొదట చేశాడు. ఇప్పుడు 4 మిల్లీమీటర్ల సన్నటి ఎండోస్కోపును ఒక రంధ్రంలో, పనిముట్లను రెండో రంధ్రంలో పెట్టి ఇద్దరు సర్జన్లు నాలుగు చేతులతో పనిచేస్తారు. గర్భిణి ముక్కు లోపలి పొర సహజంగానే ఉబ్బి, తాకితే రక్తం ఊరేలా ఉంటుంది. కాబట్టి దారి చేసుకోవడమే సగం పని. ఆమెను బల్ల మీద ఎడమపక్కకు కొద్దిగా ఒరిగించి పడుకోబెడతారు. లేకపోతే గర్భాశయం బరువు పెద్ద సిరను నొక్కి బిడ్డకు రక్తం తగ్గుతుంది. సర్జన్ ఆ ఒరుగుకు తగ్గట్టు తన చేతికోణాన్ని మొదటి నుంచీ మార్చుకుని ఉండాలి. గుంట అడుగు ఎముక కణితి ఒత్తిడికి కోడిగుడ్డు పెంకంత పల్చబడి ఉంటుంది. దాన్ని తొలిచి, పొరను కోసి, గుండ్రటి చిన్న గరిటెతో కణితిని గోకి తీస్తారు. రెండు పక్కలా మెదడుకు రక్తం మోసే కెరోటిడ్ ధమనులు, మిల్లీమీటర్ల ఎడంలో. తీస్తూ పోగా పోగా, పైనుంచి ఉల్లిపొరలాంటి సన్నటి పొర మెల్లగా కిందికి దిగి, గుండె కొట్టుకున్నప్పుడల్లా కదులుతుంది. ఆ పొర దిగిందంటే దానిమీద ఆనుకున్న కూడలి కూడా సడలిందని అర్థం. అక్కడ చెయ్యి ఆపగలగడం గొప్ప సర్జన్ లక్షణం. ఇంకొంచెం తీద్దామన్న ఆశకు పొర చిరిగితే మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారుతుంది. చివర తొడ నుంచి తీసిన చిన్న కొవ్వు ముక్కతోనో, ముక్కు నడిమి పొర మడతతోనో మూస్తారు.

కూడలి సడలినాక చూపు కొందరికి గంటల్లోనే మారుతుంది. స్పృహ రాగానే పరీక్షించేదీ వేళ్లతోనే. మంచం పక్కన నిలబడి రెండు చేతులూ చాపి, "ఎన్ని వేళ్లు కదులుతుండాయమ్మా?" అంటారు. బయటి పక్క వేళ్లు కూడా లెక్కలోకి వస్తే ఆ గదిలో నిట్టూర్పులు వినిపిస్తాయి.

కాన్పు దగ్గర మత్తు వైద్యుడు, ప్రసూతి వైద్యురాలు, కంటి వైద్యురాలు ఒక్కచోట కూర్చుని మాట్లాడుకోవాలి. పుర్రెలో ఒత్తిడి ఉంటే ముక్కడాన్ని తగ్గించాలి, వెన్నులో సూది గురించి రెండుసార్లు ఆలోచించాలి. ఒత్తిడి లేని చిన్న పీయూష గ్రంథి కణితి అయితే మామూలు కాన్పుకు అడ్డేమీ లేదు. బ్రోమోక్రిప్టిన్ వాడుతున్నంతకాలం పాలు పడవు, ఆ సంగతి ఆ తల్లికి ముందే చెప్పాలి.

బిడ్డ పుట్టిన ఆరు వారాలకు ఆ కోడలు మళ్లీ ఆ చిన్న గదికి వస్తుంది. ఒళ్లో బిడ్డను అత్త అందుకుంటుంది. డాక్టరమ్మ స్టూలును ఈసారి అంత దూరం జరపాల్సిన పనిలేదు. ఎడమకన్ను, కుడికన్ను, పై మూల, కింది మూల. ఎర్ర సూది బయటినుంచి వస్తుంది. "ఎర్రగా ఉండాది" అంటుంది ఆమె, సూది నిలువు గీతకు చాలా అవతల ఉండగానే. కుడికంటి పై మూలలో మాత్రం ఇంకా ఇటుకరంగే. డాక్టరమ్మ ఆ మూలను కాగితం మీద పెన్సిలుతో నీడ వేసి, పాత కాగితానికి గుచ్చి, మూడు నెలల తర్వాతి తేదీ వేస్తుంది.